ఉద్యోగం నుంచి వచ్చాక స్టేక్, మ్యాష్: ముప్పావుగంటలో అవుతుందా?

తెనాలి_టు_డబ్లిన్ (బుధవారం సాయంత్రం)

అందరికీ నమస్కారం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఇల్లు చేరేసరికి ఆరున్నర అవుతుంది. శుక్రవారం రాత్రికి స్టేక్, పక్కన మ్యాష్ (మెదిపిన బంగాళాదుంప) చేద్దామని రెండు స్ట్రిప్‌లాయిన్ (నడుము భాగం బీఫ్) ముక్కలు తెచ్చాను. ఒక్కోటి పావు కిలో, అంగుళం మందం ఉంది. దుంపలు రూస్టర్ రకం. మామగారు మా దగ్గరే ఉన్నారు, ఆయనకు షుగర్. మందు వేసుకున్నాక భోజనం ఆలస్యం కాకూడదు కాబట్టి ఏడుంబావుకల్లా కంచాల ముందు కూర్చోవాలి.

నా సందేహాలు ఇవి. ముందు ఏది మొదలుపెట్టాలి? మా ఇంట్లో లోపల ఎర్రగా ఉంటే ఎవరూ తినరు, అలాగని చెప్పు తోలులా అవ్వకూడదు. ఎంతసేపు వేయించాలి? మామగారికి బంగాళాదుంప బదులు ఏం మెదిపి పెట్టొచ్చు? అద్దె ఫ్లాట్, కరెంటు పొయ్యి. ఒక నాన్‌స్టిక్ పాన్, ఒక ఇనుప దోసె పెనం ఉన్నాయి.

పెనం_పొయ్యి (బుధవారం సాయంత్రం)

ముప్పావుగంట చాలు. ముందు మ్యాష్, చివర్లో స్టేక్. మ్యాష్ మూత పెట్టి పక్కనుంచితే పావుగంట వేడిగానే ఉంటుంది. స్టేక్ అలా ఆగదు. చాలామంది మాంసం ముందు వేయించేసి, తర్వాత దుంపల కోసం ఎదురుచూస్తారు. అది చల్లారిపోతుంది, మళ్లీ వేడి చేస్తే గట్టిపడుతుంది.

ఇల్లు చేరగానే మాంసం ఫ్రిజ్‌లోంచి తీసి, దుంపల చెక్కు తీసి, పెద్ద ముక్కలు కోసి చన్నీళ్లలో ఉప్పేసి పొయ్యి మీద పెట్టండి. వేడినీళ్లలో వేస్తే పైన చితికిపోయి లోపల పలుకు ఉంటుంది. మరగడం మొదలయ్యాక పావుగంటకు ఉడుకుతాయి. ఏడింటికి పది నిమిషాల ముందు పెనం వేడెక్కడానికి పెట్టండి. ఏడింటికి మాంసం పెనం మీద ఉండాలి. పదినిమిషాల్లో దిగుతుంది, ఐదు నిమిషాలు ఆగనివ్వాలి. అంతే, ఏడుంబావు.

నాన్‌స్టిక్ పాన్ వద్దు. స్టేక్‌కు కావలసినంత వేడి దాని పూతకు మంచిది కాదు, ఖాళీగా బాగా కాలిస్తే పూత పాడై పొగలు వస్తాయి. ఇనుప పెనమే మేలు. అయితే దోసె పెనానికి అంచు ఉండదు, కొవ్వు కరిగి పొయ్యి మీద కారుతుంది. అంచున్న ఇనుప పాన్ ఒకటి కొనుక్కోగలిగితే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఉల్లికాడ_కార్క్ (బుధవారం రాత్రి)

దోసె పెనం విషయంలో నాదో మాట. దాని మీద మాంసం కాలిస్తే ఆ వాసన ఇనుములోకి పట్టేస్తుంది, మర్నాడు దోసెల్లో తెలుస్తుంది. మా ఇంట్లో దోసెల పెనం దోసెలకే. స్టేక్‌కు వేరే పాన్ పెట్టుకున్నాం. గుండ్రటి అడుగున్న ఇనుప మూకుడు ఉన్నా ఈ కరెంటు పొయ్యిల మీద అడుగు ఆనదు కాబట్టి వేడెక్కదు.

నేను నర్సుని కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. దయచేసి మాంసాన్ని సింకులో కడగకండి. మనకు పసుపు నీళ్లతో రెండు మూడు సార్లు కడిగే అలవాటు ఉంది. కడిగితే క్రిములు పోవు, తుంపరలతో సింకు చుట్టూ పడతాయి. వాటిని చంపేది వేడే. పైగా తడిసిన ముక్క పెనం మీద ఎర్రగా వేగదు. కాగితపు టవల్‌తో గట్టిగా అద్ది తుడవండి, చాలు.

ఉప్పూకారం (బుధవారం రాత్రి)

అక్కా, కడగకుండా, మసాలా పట్టించకుండా నీచు వాసన రాదా? నేనైతే అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, పెరుగు, కాస్త నిమ్మరసం పట్టించి గంటసేపు ఉంచుతాను. మన నోటికి అదే బాగుంటుంది. ఉప్పూ మిరియాలతో తినే కూడు మనది కాదు కదా.

పెనం_పొయ్యి (బుధవారం రాత్రి)

ఉప్పూకారం గారూ, మీరు చెప్పిన పద్ధతి కబాబ్‌కు బ్రహ్మాండంగా ఉంటుంది. ఇక్కడ మాత్రం దెబ్బ తీస్తుంది. ఎందుకో చెప్తాను.

నీళ్లు ఉన్నంతసేపు ఆ చోట వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం గోధుమరంగులోకి తిరిగి, ఆ కమ్మటి వాసన రావాలంటే పైభాగం సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఈ మార్పును 1912లో లూయీ కమీ మయ్యార్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త వివరించాడు, అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. రొట్టె పైపొర ఎర్రబడేదీ, కాఫీ గింజలు వేగేదీ ప్రధానంగా దీనివల్లే. పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద పూస్తే పెనం వేడంతా ఆ తడి ఆర్చడానికే పోతుంది. ఆ తడి ఆరేలోపు లోపలి మాంసం ఉడికిపోతుంది, పైన వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది. అప్పుడు మీకు దొరికేది స్టేక్ కాదు, ఉడికిన కూర ముక్క.

నీచు వాసన మీకు వచ్చేది పైన సరిగా వేగనప్పుడే. బాగా ఎర్రబడిన ముక్కలో అది ఉండదు. వెల్లుల్లి కావాలంటే చివరి రెండు నిమిషాల్లో మంట తగ్గించి, ఒక చెంచా వెన్న, పొట్టుతోనే చితక్కొట్టిన నాలుగు రెబ్బలు, ఓ రెమ్మ కరివేపాకు వేయండి. వెన్న నురగ కక్కుతుంటే పాన్ వంచి చెంచాతో ఆ వెన్నను ముక్క మీద పోస్తూ ఉండండి. ఇక్కడివాళ్లు థైమ్ అనే ఆకు వేస్తారు. కరివేపాకు దానికేం తీసిపోదు, నాకైతే ఇంకా నచ్చుతుంది.

టెక్సాస్_మామ (గురువారం తెల్లవారుజామున)

మా డాలస్‌లో గ్రిల్ మీద చేస్తాం. ఒకే ఒక్కసారి తిప్పాలి, పదే పదే కదిపితే రసం కారిపోతుంది. ముందు పెద్ద మంట మీద కాలిస్తే పైపొర మూసుకుపోయి రసం లోపలే ఉంటుంది. ఉప్పు మాత్రం వేయించడానికి పావుగంట ముందు చల్లండి.

పెనం_పొయ్యి (గురువారం ఉదయం)

మామా, గ్రిల్ మీద చారలు కావాలంటే ఒక్కసారి తిప్పడం సరే. పాన్ మీద మాత్రం అర నిమిషానికో నిమిషానికో ఒకసారి తిప్పుతూ ఉంటేనే మంచిది. ఏ వైపూ మరీ వేడెక్కదు, మరీ చల్లారదు. లోపల అంచుల దగ్గర బూడిదరంగు పట్టీ సన్నగా ఉంటుంది, త్వరగా కూడా అవుతుంది.

పైపొర మూసుకుపోతుందనే మాట 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ పేరుమీద ప్రచారంలోకి వచ్చింది. తర్వాత తూకం వేసి చూస్తే అది నిజం కాదని తేలింది. పెనం మీద ఆ చుయ్ చుయ్ చప్పుడే రసం బయటికొస్తోందనడానికి గుర్తు. మనం పెద్ద మంట మీద వేయించేది రుచి కోసం.

ఉప్పు గురించి కూడా మీతో ఏకీభవించలేను. ఉప్పు చల్లిన కాసేపటికి లోపలి నీరు పైకి వస్తుంది. పావుగంట దగ్గర ముక్క మీద చెమట పట్టినట్టు తడి నిలిచి ఉంటుంది. అప్పుడు వేయిస్తే అన్నిటికన్నా చెడ్డ సమయం అది. ముప్పావుగంట దాటితే ఆ ఉప్పునీరు మళ్లీ లోపలికి ఇంకుతుంది. కాబట్టి తెనాలి గారూ, మీకు రెండే దారులు. పెనం మీద వేసే ముందు చల్లడం ఒకటి. గురువారం రాత్రే చల్లి, మూత లేకుండా ఫ్రిజ్‌లో కింది అరలో జాలీ మీద పెట్టడం రెండోది. రెండోదే చేయండి. ఒక్కో ముక్కకు అర చెంచా మెత్తటి ఉప్పు సరిపోతుంది. తెల్లారేసరికి పైభాగం ఆరిపోయి ఉంటుంది, పెనం మీద పడగానే ఎర్రబడుతుంది.

టెక్సాస్_మామ (గురువారం ఉదయం)

ఉప్పు సంగతి ఈ వారాంతం అలాగే చేసి చూస్తాను. థర్మామీటర్ మాత్రం తప్పకుండా కొనమని చెప్పండి ఆవిడకు. నిమిషాలు లెక్కపెట్టి ఎవరూ స్టేక్ సరిగా దించలేరు.

ఉల్లికాడ_కార్క్ (గురువారం మధ్యాహ్నం)

టెక్సాస్ మామ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పక్కనుంచి ముక్క మధ్యలోకి గుచ్చి చూడాలి. 54 నుంచి 57 డిగ్రీల సెల్సియస్‌కు మీడియం రేర్, లోపలంతా గులాబీరంగు, మెత్తగా ఉంటుంది. 60 దాటాక ఆ రంగు పోతూ వస్తుంది. 71 దాటితే వెల్ డన్, అంటే లోపలిదాకా పూర్తిగా ఉడికినట్టే. దించాక కూడా రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది, ఆ మేరకు ముందే దించాలి.

ఎరుపు చూసి చాలామంది రక్తం అనుకుంటారు. అది రక్తం కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్, నీరు. వేడికి అదే గోధుమరంగులోకి మారుతుంది.

ఆరోగ్యం సంగతి: కోయని నిండు ముక్కలో క్రిములు ఎక్కువగా పైభాగం మీదే ఉంటాయి, పైన అన్ని వైపులా బాగా కాలితే పోతాయి. అందుకే బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ నిండు ముక్కలు లోపల ఎర్రగా తిన్నా ఫర్వాలేదంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఇంకాస్త జాగ్రత్తగా 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాలు ఆగమంటుంది. కీమాకు ఇది వర్తించదు. రుబ్బినప్పుడు పైనున్నవి లోపలికి చేరతాయి కాబట్టి 71 దాకా ఉడకాల్సిందే. గర్భిణులు, పెద్దవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఏ ముక్కైనా బాగా ఉడికించే తినాలి. మీ మామగారి ముక్క అలాగే చేయండి.

తెనాలి_టు_డబ్లిన్ (గురువారం మధ్యాహ్నం)

ఇన్ని వివరాలు చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. థర్మామీటర్ ఆర్డర్ పెట్టాను. ఎర్రగా లేకుండా, గట్టిపడకుండా అంటే ఎన్ని డిగ్రీలకు దించాలి? మామగారి మ్యాష్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

పెనం_పొయ్యి (గురువారం సాయంత్రం)

మీ ఇద్దరికీ 64 దగ్గర దించండి. ఆగాక 66, 67కు చేరుతుంది. ఎరుపు కనిపించదు, రసం ఇంకా మిగిలే ఉంటుంది. మామగారిది 70 దగ్గర దించండి. అంగుళం మందానికి మొదట మూడు నాలుగు నిమిషాలు గట్టి మంట మీద ఎర్రబడనిచ్చి, తర్వాత మధ్యస్థంగా తగ్గించాలి. బాగా ఉడికిన ముక్క కావాలనుకునేవాళ్లు చివరిదాకా పెద్ద మంట మీదే ఉంచడం వల్లే అది తోలు అవుతుంది.

స్ట్రిప్‌లాయిన్‌కు ఒక పక్క కొవ్వు పట్టీ ఉంటుంది. ముందు ముక్కను పట్టకారుతో నిలబెట్టి ఆ కొవ్వు పెనానికి ఆనేలా ఓ నిమిషం పట్టుకోండి. కరిగిన ఆ కొవ్వులోనే మిగతాదంతా వేగుతుంది. నూనె పొద్దుతిరుగుడుదో, లేదంటే మన నెయ్యో వాడండి. నెయ్యిలో పాలపదార్థం ఉండదు కాబట్టి వెన్నలా త్వరగా మాడదు. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె ఇక్కడ వద్దు. కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంటింటి తలుపు మూసి పెట్టుకోండి. ఫ్లాట్లలో స్మోక్ అలారం ఊరికే మోగేస్తుంది.

ఇంకోసారి కొనేటప్పుడు బాగా ఉడికించి తినేవాళ్లు రిబ్‌ఐ తీసుకోండి. దాని కండలో కొవ్వు దారాల్లా అల్లుకుని ఉంటుంది, 70 దాకా పోయినా ఓర్చుకుంటుంది. అన్నిటికన్నా ఖరీదైన ఫిల్లెట్‌లో కొవ్వు తక్కువ, అది బాగా ఉడికిస్తే డబ్బు దండగ.

మెల్‌బోర్న్_వంటిల్లు (గురువారం రాత్రి)

పేర్ల దగ్గర జాగ్రత్త. మీరు రిబ్‌ఐ అంటున్నది మా ఆస్ట్రేలియాలో ఎముక లేకుండా స్కాచ్ ఫిల్లెట్ పేరుతో దొరుకుతుంది. మీ స్ట్రిప్‌లాయిన్‌ను ఇక్కడ పోర్టర్‌హౌస్ అంటారు. అమెరికాలో అదే న్యూయార్క్ స్ట్రిప్, బ్రిటన్‌లో సర్లాయిన్. అమెరికాలో సర్లాయిన్ అని అడిగితే మళ్లీ వేరే ముక్క ఇస్తారు. వంటకం చదివి కొనేటప్పుడు అది ఏ దేశంవాళ్లు రాశారో చూసుకోవాలి.

మేము బీఫ్ తినం. మాకు ల్యాంబ్ లెగ్ స్టేక్ ఉంది. రెండు సెంటీమీటర్ల మందానికి పెద్ద మంట మీద ఆరేడు నిమిషాలు చాలు, మిగతా పద్ధతంతా పైన చెప్పినట్టే. పక్కన పుదీనా పచ్చడి పెడితే ఇంక వేరే సాస్ అక్కర్లేదు. షోల్డర్ ముక్కలు మాత్రం దీనికి తేకండి. అవి నెమ్మదిగా గంటల తరబడి ఉడకాల్సినవి.

మామగారికి కాలీఫ్లవర్ చేయండి. వంద గ్రాముల బంగాళాదుంపలో పిండిపదార్థాలు సుమారు 17 గ్రాములుంటే కాలీఫ్లవర్‌లో 5 గ్రాములే. ఉడకబెట్టకండి, ఆవిరి మీద పది పన్నెండు నిమిషాలు మెత్తగా అయ్యేదాకా పెట్టండి. తర్వాత పలచటి గుడ్డలో వేసి నీరు పిండేయండి. ఈ పిండే పని వదిలేస్తే గంజిలా తయారవుతుంది. అప్పుడు మిక్సీలో కొంచెం వెన్న, వేయించిన వెల్లుల్లి, మిరియాల పొడితో తిప్పండి. ఇందులో పిండి చాలా తక్కువ కాబట్టి మిక్సీ వేసినా జిగురు రాదు.

ఉల్లికాడ_కార్క్ (గురువారం రాత్రి)

బంగాళాదుంపలను మాత్రం మిక్సీ దగ్గరికి పోనివ్వకండి. బ్లేడు తగిలితే పిండి కణాలు చితికి, మ్యాష్ కాస్తా అట్టలు అతికించే జిగురవుతుంది. మన పప్పుగుత్తి ఉంది కదా, దీనికి అంతకంటే మంచి పనిముట్టు లేదు. నీళ్లు వంచేశాక దుంపల్ని అదే వేడి గిన్నెలో రెండు నిమిషాలు సన్నసెగ మీద ఆరనివ్వండి. మెదిపాక ముందు వెన్న కలపండి, తర్వాత వేడి పాలు. అరకిలో పైచిలుకు దుంపలకు 60 గ్రాముల వెన్న, అరగ్లాసు పాలు బాగుంటాయి. చల్లటి పాలు పోస్తే రుచీ పోతుంది, వేడీ పోతుంది. ఫ్రెంచ్ చెఫ్ జోయెల్ రోబుషాన్ మ్యాష్‌కు లోకమంతా పేరుంది, ఆయన కిలో దుంపలకు పావుకిలో వెన్న వేసేవాడు. రోజూ తినే ఇంట్లో అంత అక్కర్లేదు.

ఐర్లండ్‌లో ఉన్నారు కాబట్టి చాంప్ చేసి చూడండి. పాలు కాచేటప్పుడే ఉల్లికాడలు సన్నగా తరిగి అందులో వేసి రెండు నిమిషాలు మగ్గనిచ్చి, ఆ పాలతో మ్యాష్ కలపడమే. క్యాబేజీ గానీ కేల్ ఆకు గానీ కలిపితే అది కాల్‌కానన్, హాలోవీన్ నాడు ఇక్కడి పాత ఇళ్లలో తప్పకుండా చేస్తారు. మీ రూస్టర్ దుంప ఇక్కడి కార్లోలోని ఓక్ పార్క్ పరిశోధన కేంద్రంలో పుట్టిన రకమే. మ్యాష్‌కు చక్కగా ఒప్పుతుంది.

ఉప్పూకారం (గురువారం రాత్రి)

కుక్కర్‌లో మూడు కూతలు పెడితే ఇంకా త్వరగా అవుతుంది కదా?

ఉల్లికాడ_కార్క్ (గురువారం రాత్రి)

అవుతుంది, కానీ ముక్కలు నీళ్లలో మునిగి ఉడికితే నీరు పీల్చుకుంటాయి. నిండు దుంపల్ని తొక్కతోనే, నీళ్లు పోయని గిన్నెలో వేసి, ఆ గిన్నెను కుక్కర్‌లో పెట్టండి. అప్పుడు పొడిపొడిగా వస్తాయి.

చార్మినార్_చూల్హా (శుక్రవారం ఉదయం)

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు రాస్తున్నా. మన రెండు రాష్ట్రాల్లో 1977 చట్టం కింద గోవధ నిషేధం, కాబట్టి ఇక్కడ పెద్ద కూర అంటే ఎక్కువగా గేదె, దున్న మాంసమే. స్టేక్‌కు కావాల్సింది కసాయి దగ్గర అండర్‌కట్ అని అడగాలి. వెన్ను లోపలి పక్కనుండే మెత్తటి కండ అది. తెల్లవారే పోతే దొరుకుతుంది, మధ్యాహ్నానికి హోటళ్లవాళ్లు పట్టుకుపోతారు. కూర ముక్కలు కొట్టకుండా రెండు వేళ్ల మందం బిళ్లలు కోయమని ముందే చెప్పుకోవాలి.

గేదె మాంసంలో కొవ్వు తక్కువ, త్వరగా గట్టిపడుతుంది. కొద్దిగా పచ్చి బొప్పాయి ముద్ద రాసి అరగంట ఉంచి, పూర్తిగా తుడిచేసి పెనం మీద వేస్తాం. రాత్రంతా ఉంచితే మాంసం పిండిలా అయిపోతుంది, దాని పని అంత గట్టిది. మా పత్తర్ కా గోష్త్‌లోనూ ఇదే కిటుకు. కాల్చిన నల్లరాతి పలక మీద పలచటి మటన్ ముక్కలు వేస్తాం, బొప్పాయి లేకపోతే అంత మెత్తగా రావు. ఉప్పూకారం భాయ్, మీ మసాలా మనసు దానికి సరిగ్గా సరిపోతుంది. ఓసారి చేసి చూడండి.

పెనం_పొయ్యి (శుక్రవారం మధ్యాహ్నం)

ఉప్పూకారం గారు కారం లేకుండా తినలేనంటున్నారు కాబట్టి మిరియాల సాస్ రాస్తున్నా, ఐదు నిమిషాల పని. స్టేక్ తీసి పక్కన పెట్టాక అదే పాన్‌లో ఎక్కువ కొవ్వు ఉంటే వంచేసి, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ వేయించండి. కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు రెండు చెంచాలు, అరగ్లాసు స్టాక్ (ఎముకలు మరిగించిన నీరు) పోసి అడుగంటిన గోధుమరంగు పొరను చెక్క గరిటెతో గీకండి. రుచంతా అందులోనే ఉంది. సగానికి మరిగాక నాలుగు చెంచాల క్రీమ్, చివర్లో స్టేక్ పెట్టిన కంచంలో ఊరిన రసం కలపండి. ఘాటు బాగా తగులుతుంది.

ఆగనిచ్చే ఐదు నిమిషాలూ ముక్క మీద రేకు బిగించి కప్పకండి, ఆవిరికి పైపొర మెత్తబడుతుంది. కోసేటప్పుడు కండ పీచు ఏ దిక్కుకు పోతోందో చూసి దానికి అడ్డంగా కోయండి. నమలడంలో తేడా అప్పుడే తెలుస్తుంది.

తెనాలి_టు_డబ్లిన్ (శనివారం ఉదయం)

అనుకున్న టైముకే కూర్చున్నాం. నిన్న సాయంత్రం వచ్చేసరికి ముక్కలు పైన పొడిగా, ముదురు రంగులో ఉన్నాయి. పెనం మీద వేయగానే అతుక్కోలేదు, నిమిషంలోనే ఎర్రబడ్డాయి. మాది 64కు దించాను, రంగు మావారికి కూడా నచ్చింది. మామగారి ముక్క నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది, అది వేగే లోపు మాది ఆగడం అయిపోయింది. ఆయన కాలీఫ్లవర్ రెండోసారి అడిగి వేయించుకున్నారు. కరివేపాకు వేసిన వెన్న మ్యాష్ మీద పోసుకుంటే ఎంత బాగుందో! మిరియాల సాస్‌లో క్రీమ్ కాస్త తగ్గించాను.

మ్యాష్ చాలా మిగిలింది, స్టేక్ సగం ముక్క ఉంది. వేడి చేస్తే పాడవుతుందా?

ఉల్లికాడ_కార్క్ (శనివారం మధ్యాహ్నం)

స్టేక్‌ను మైక్రోవేవ్‌లో పెట్టకండి, ఉన్న రసం పోతుంది. చల్లగానే పలచగా కోసి, ఉల్లిచక్రాలు, నిమ్మరసం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి బ్రెడ్ మధ్య పెట్టుకోండి. మామగారికైతే మాత్రం మళ్లీ పొగలు వచ్చేలా వేడి చేసే ఇవ్వండి, కాస్త గట్టిపడినా సరే. మ్యాష్‌లో రెండు చెంచాల మైదా, జీలకర్ర, తరిగిన మిర్చి కలిపి బిళ్లలు చేసి పెనం మీద రెండు వైపులా కాల్చండి, ఇక్కడివాళ్లు పొటాటో కేక్ అంటారు. రెండూ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే రేపటిలోగా తినేయండి.